గాలి అయ్యోరు

సార్ పోయారన్న కబురు నాతో పాటు ఆయన దగ్గర చదువుకున్న ఇర్ఫాన్ చెప్పాడు. బెంగళూరులో డ్యూటీ ముగించుకుని, పెట్టె లాక్కుంటూ సిబ్బంది బస్సు దగ్గరికి నడుస్తుంటే ఫోన్ మోగింది. ఇర్ఫాన్ ఏ మాటైనా వెటకారంతో మొదలుపెడతాడు. ఆ రోజు అలా మొదలుపెట్టలేదు.

"సార్ పోయినారు. పొద్దున కాఫీ తాగి, మేడెక్కి, దిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారంట. అంతే. అమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది" అన్నాడు. సార్ భార్యను మేమంతా అమ్మ అనే పిలుస్తాం.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కాసేపటికి చూసుకుంటే, కిటికీలోంచి ఆకాశంలో మబ్బు ఎంతుందో లెక్క వేస్తున్నాను. ఎనిమిదిలో మూడు. ఆయన దగ్గర చదువుకున్న ప్రతి ఒక్కరికీ ఈ జబ్బు ఉంటుంది. చావు కబురు విన్నా తగ్గదని అప్పుడే తెలిసింది.

ఆయన పైలట్ కాదు. వైమానిక దళంలో వాతావరణం చూసి రాసే ఉద్యోగం చేసి, రిటైరై తిరుపతికి వచ్చి, పైలట్లు కావాలనుకునే మాలాంటి వాళ్లకు లైసెన్సు పరీక్షల పాఠాలు చెబుతూ ఉండిపోయిన మనిషి. పైలట్ కావడానికి ఎగరడం నేర్చుకుంటే చాలదు. ముందు నేల మీద కూర్చుని చాలా నేర్చుకోవాలి. గాలి ఎటు తోస్తుంది, అది తోస్తే విమానం ముక్కు ఎంత తిప్పాలి, ఏ మబ్బు దరిదాపులకు పోకూడదు, ఏ నియమం ఎందుకు పెట్టారు. వీటికోసం చాలామంది ఢిల్లీకి పోతారు. అక్కడ అద్దాల భవనాలు, గోడల నిండా టోపీలు పెట్టుకుని నవ్వే పిల్లల ఫొటోలు. ఇప్పుడైతే ఇంట్లో కూర్చుని ఫోన్లో వినే క్లాసులూ వచ్చాయి. మాకు మాత్రం తిరుపతి కొర్లగుంటలో, ఒక సందులో, మేడ మీద రేకుల గది.

ఆ సందులో వాళ్లకు ఆయన ఏం పాఠం చెబుతారో సరిగ్గా తెలియదు. పొద్దునా సాయంత్రం మేడ మీద నిలబడి గాలి చూస్తారని మాత్రం తెలుసు. అందుకని "గాలి అయ్యోరు" అని పేరు పెట్టారు. గాలి మనిషి అంటే పనీపాటా లేనివాడని కదా అర్థం. నేను మొదటిసారి నగరి నుంచి బస్సులో వచ్చిన రోజు, ఆ పేరు చెప్పి దారి అడగడానికి సిగ్గుపడి, "పైలట్ కోచింగ్ సార్ ఇల్లు యాడ?" అని అడిగాను. కూరగాయల బండి ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"గాలి అయ్యోరా? అట్లడుగు మరి. అదో, మేడ మీద పంచె ఎగరతా ఉండాదే, దాని ఎదురిల్లు" అంది.

ఆ పంచె ఎదురింటివాళ్లది. విమానాశ్రయాల్లో గాలి ఎటు వీస్తోందో తెలియడానికి ఒక స్తంభానికి గుడ్డ సంచి కట్టి వదులుతారు. మా క్లాసుకు ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలే ఆ గుడ్డ సంచి. ఎదురింటావిడ సాయంత్రం బట్టలు తీయడానికి వస్తే సార్ పిట్టగోడ దగ్గరికి పోయి బతిమాలేవారు. "అమ్మా, ఆ ఒక్క పంచె ఉండనీ తల్లీ. ఇంకో పది నిమిషాలు. పిల్లోళ్లకు లెక్క సగంలో ఉండాది." ఆవిడ గొణుక్కుంటూ పంచె వదిలేసి మిగతావి పట్టుకుపోయేది. వాన తుంపర పడుతున్నా వదిలేసిన రోజులున్నాయి.

ఆయన వేషం కూడా విచిత్రంగా ఉండేది. నుదుట సన్నని తిరునామం, తెల్లపంచె, కింద సైన్యంలో అలవాటైన నల్ల బూట్లు. పంచె మీద బూట్లేమిటని ఎవరైనా అంటే, "నామం మా నాయనది, బూట్లు నావి" అనేవారు. వాళ్ల నాయన, అన్నలు కొండ మీద గుడి సేవలో బతికినవాళ్లు. ఈయన ఒక్కడే చిన్న వయసులో రైలెక్కి సైన్యంలో చేరిపోయారు. ఇంటి అలవాటు మాత్రం నోట్లోంచి పోలేదు. మేం తప్పు జవాబు చెబితే "గోవిందా!" అనేవారు. ఆ మాట అనడంలో ఎన్ని రకాలో. చిన్న తప్పుకు మెల్లగా, పెద్ద తప్పుకు కొండెక్కే భక్తుల్లా దీర్ఘం తీసి. విమానం కొండను గుద్దుకునే తప్పయితే, అప్పుడు మాత్రం అసలేమీ అనకుండా కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. అది మాకు అన్నిటికంటే భయం.

క్లాసు ఎప్పుడూ కుర్చీల్లో మొదలయ్యేది కాదు. "పైకి చూడందే పుస్తకం తెరవొద్దు" అనేవారు. అందరం బయట మేడ మీద నిలబడాలి.

"ఆకాశాన్ని దోసె మాదిరి ఎనిమిది ముక్కలు చెయ్యండి. ఎన్ని ముక్కల్లో మబ్బు ఉండాది?"

"నాలుగు సార్" అనేవాడు ఇర్ఫాన్.

"మూడు సార్" అనేదాన్ని నేను.

"నాలుగంటే నాలుగు ముక్కలూ నిండుండాలప్పా. నీకు మూడు ముక్కలు పెట్టి నాలుగని చెప్తే ఊరుకుంటావా నువ్వు?"

అలా పావుగంట మబ్బుల మీద పోట్లాడుకుని లోపలికి పోయేవాళ్లం. పుస్తకంలో రెండు పేజీలున్న పాఠం అప్పటికే సగం వచ్చేసి ఉండేది.

ఆయన విమానం ఎక్కరన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు ఇర్ఫాన్ ఉత్సాహంగా అడిగాడు. "సార్, సర్వీసులో ఎన్ని వేల గంటలు ఎగిరింటారు మీరు?"

"గంటా పది నిమిషాలు" అన్నారు సార్.

మేం నవ్వామో లేదో గుర్తులేదు. నమ్మలేదు మాత్రం.

"ఒకసారి సామాన్లు మోసే విమానంలో ఎక్కించినారు. ఎక్కిన పది నిమిషాలకు నా టోపీ తీసి అందులోనే కక్కుకున్నాను. మిగతా గంటసేపూ ఆ టోపీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దిగినాక ఎదురుగా ఆఫీసరు. టోపీ లేకుండా సెల్యూట్ కొట్టకూడదు. ఏం చేసేది?"

"ఏం చేసినారు సార్?"

"నమస్కారం పెట్టినాను." మళ్లీ ఆయనే, "ఆ పొద్దు నుంచి నేను బస్సు, రైలు. అంతే" అన్నారు.

మరి ఎగరకుండా మాకెట్లా చెబుతున్నారని ఎవరో అడిగారు. "ఏమప్పా, వంటాయన తాను పెండ్లికొడుకు అయితేనే పెండ్లివంట చేస్తాడా?" అన్నారు.

ఇర్ఫాన్‌ది చిత్తూరు. వాళ్ల నాన్నకు బజారులో బట్టల కొట్టుంది. మా అందరికంటే బాగా చదివేవాడు. వైద్యపరీక్షలో ఎరుపూ పచ్చా రంగుల తేడా వాడి కంటికి తెలియడం లేదని తేలింది. ఆ లోపంతో పైలట్ కాలేవని చెప్పి పంపేశారు. మరుసటి రోజు సార్ దగ్గర తెచ్చుకున్న పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని తిరిగి ఇచ్చేయడానికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. సార్ ఆ సంచి ముట్టుకోలేదు. వాణ్ని మేడ అంచుకు తీసుకుపోయి కరకంబాడి వైపు చూపించారు.

"ఆ మబ్బు నలుపా, తెలుపా?"

"అడుగున నలుపు, పైన తెలుపు సార్" అన్నాడు వాడు, తల వంచుకునే.

"సూడు, సరిగ్గా పైకి సూడు. ఈడికి వాన వస్తాదా, రాదా?"

వాడు కాసేపు మబ్బును, కాసేపు ఎదురింటి పంచెను చూశాడు. "వస్తాది సార్. అర్ధగంటలో."

ముగ్గురం అక్కడే నిలబడ్డాం. ఎదురింటావిడ బట్టలు తీసుకుపోయింది. ఇంకాసేపటికి మొదటి చినుకు సార్ కళ్లద్దం మీద పడింది. ఆయన గడియారం చూసుకున్నారు.

"ఇరవై ఎనిమిది నిమిషాలు. విమానం నడిపేవాడికి, బయలుదేరక ముందు ఈ మాట చెప్పేవాడు ఒకడు కావాలప్పా. ఆ పనికి ఎరుపూ పచ్చా అక్కర్లేదు. ఆ పుస్తకాలు ఇంటికి తీసుకోనిపో."

ఇర్ఫాన్ ఇప్పుడు ఒక విమాన సంస్థలో ఆ పనే చేస్తున్నాడు. దారీ వాతావరణమూ చూసి, పైలట్లకు కాగితాలు సిద్ధం చేసి ఇస్తాడు. నేను నడిపే విమానానికి కూడా ఒక్కోసారి వాడు చూసిన కాగితాలే వస్తాయి.

నా విషయంలో సార్ చేసింది చెప్పాలంటే, నేను చేసిన తప్పు చెప్పాలి.

రాత పరీక్షలు పాసయ్యాక ఎగరడం నేర్చుకోవడానికి మధ్య భారతంలో ఒక ఊరికి వెళ్లాను. ఊరి పేరూ స్కూలు పేరూ ఇక్కడ అనవసరం. మరమగ్గాల మీద బతికే మా నాయన నన్ను అంతదూరం ఎట్లా పంపించాడో అది వేరే కథ. అక్కడికి పోయాక తెలిసింది, అందరూ చెప్పే ఎగరడం కంటే ఎవరూ చెప్పని ఎదురుచూడడమే ఎక్కువని. ఐదు చిన్న విమానాలుంటే రెండు ఎగిరేవి. మిగతావి విడిభాగాల కోసం గుడ్డలు కప్పుకుని ఉండేవి. నేర్పేవాళ్లు ఇద్దరు, నేర్చుకునేవాళ్లం నలభై మందిమి. మన వంతు వచ్చిన రోజు వాన. వాన లేని రోజు విమానం లేదు. రెండూ ఉన్న రోజు నేర్పేవాళ్లు సెలవు. ఈ మధ్య ఎవరిని అడిగినా చాలా చోట్ల ఇదే మాట చెబుతున్నారు. పైలట్లు కావాలి కావాలి అని పేపర్లో చదివి పిల్లలు వస్తారు. వచ్చి, చెట్టు కింద కూర్చుని ఆకాశం చూస్తుంటారు.

ఎగిరిన రోజు సాయంత్రం సార్‌కు ఫోన్ చేసేదాన్ని. నేను మొదటిసారి ఒంటరిగా విమానం ఎక్కి, ఎగిరి, దించిన రోజున ఆయాసపడుతూ చెప్పాను. "సార్, ఈ పొద్దు నేనొక్కదాన్నే ఎగిరినాను!"

"గాలి ఎట్లుండింది?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. పడమటి గాలి, తేలిక, రన్‌వేకు కాస్త అడ్డంగా అని చెప్పాను. అప్పుడు, "మంచిది. పోయి అన్నం తిను" అన్నారు. వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఒక్క మంచి మాట చెప్పకూడదా ఆ పిల్లకు?" ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను.

లైసెన్సు రావాలంటే ఇన్ని గంటలు ఎగిరినట్టు మన లాగ్‌బుక్‌లో ఉండాలి. పరీక్షలు పాసైన కాగితాలకూ ఒక గడువుంటుంది. గంటలు నిండేలోపు ఆ గడువు దాటితే పరీక్షలు మళ్లీ రాయాలి. రెండో ఏడు వానాకాలంలో నాకు ఆ భయం పట్టుకుంది. ఒకరోజు స్కూల్లో వంతులు చూసే ఆయన నన్ను పిలిచి హిందీలో మెల్లగా చెప్పాడు. "ఇంజను ఆన్ చేసి నేల మీద కూర్చున్నది కూడా ఎగిరినట్టే రాసుకుందాం. విమానం పుస్తకంలో మేం రాసుకుంటాం. మీ పుస్తకంలో మీరు రాసుకోండి. అందరూ చేసేదే."

నేను వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించాను. రెండు రోజులూ వాన కురిసింది. మూడో రోజు రాసుకున్నాను. ఎనిమిది వరుసలు, పన్నెండు గంటలు. సంతకం పెట్టాక చేతికి ఏమీ కాలేదు. భోజనం రుచిగానే ఉంది. నిద్ర కూడా పట్టింది.

ఆ తర్వాత మా పిన్ని కూతురి పెళ్లికి నగరికి వచ్చినప్పుడు, సార్‌ను చూడ్డానికి వెళ్లాను. లాగ్‌బుక్ తీసుకురమ్మని ఆయనే అడిగారు. చేతులు కడుక్కుని, బల్ల మీద ఉతికిన తుండు పరిచి, దాని మీద పుస్తకం పెట్టి, జాతకం చూసేవాళ్లలా వరుస మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. ప్రతి వరుసకూ ఒకటే ప్రశ్న. ఆ రోజు గాలి ఎట్లుండింది? నేను ఉత్సాహంగా చెబుతున్నాను. ఈ రోజు అడ్డగాలికి భయపడ్డాను సార్, ఆ రోజు అసలు గాలే లేదు, ఆ రోజు దించేటప్పుడు ఒక గాలి విసురు వచ్చి ఎత్తేసింది. ఆయన తల ఊపుతున్నారు. పేజీ తిరిగింది. వేలు ఒక వరుస మీద ఆగింది.

"ఈ రోజు?"

వేలు కింది వరుసకు జరిగింది.

"ఈ రోజు?"

మూడో వరుసకు జరగలేదు. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకోవడం మొదలుపెట్టారు. లోపల అమ్మ కాఫీ కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

తిడతారనుకున్నాను. ఆయన తన సంగతి చెప్పారు.

"తూర్పున ఒక చోట పని చేసేవాణ్ని. పక్కనే పెద్ద నది. గంటకొకసారి బయటికి పోయి, ఎంత దూరం కనిపిస్తాదో చూసి పుస్తకంలో రాయాల. ఒక పొద్దున పూట, చలి. ఇరవై రెండేండ్లు నాకు. బయటికి పోలేదు. పై వరుసలో ఉండేదే కింద రాసినాను. అంతా బాగా కనిపిస్తాదని. ఆ గంటలోనే నది మీద నుంచి మంచు వచ్చేసింది. ఆ మాట నమ్మి ఒక విమానం వచ్చింది తల్లీ. మూడుసార్లు దిగబోయి పైకి లేచింది. నాలుగోసారి దిగింది. ఎవురికీ ఏం కాలేదు."

కాఫీ వచ్చింది. ఆయన గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు.

"ఆ పైలట్ నడుచుకుంటా మా గదికి వచ్చినాడు. మంచు ఉన్నట్టుండి కమ్మిందనుకున్నాడు. మీరు చలిలో నిలబడి రాస్తారు, మీ వల్లనే మేం బతుకుతా ఉండాం అని నాకు థ్యాంక్స్ చెప్పినాడు. తిట్టింటే మర్చిపోయిందును. థ్యాంక్స్ చెప్పినాడు. నేను కూడా నవ్వినాను. ఇప్పటిదాకా ఎవురికీ చెప్పలా. దీనికి కూడా చెప్పలా" అని గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

"నేనేం చెయ్యాల సార్?" అన్నాను.

"నేను చెప్పకూడదు. ఎగిరేది నువ్వు" అన్నారు. ఆ మాట కఠినంగా అనలేదు. కాఫీ చల్లారిపోతోంది, తాగమన్నారు.

సాయంత్రం నగరికి చేరేసరికి నాయన మగ్గాల షెడ్డులో ఉన్నాడు. ఆ చప్పుడులో అరిచి చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా ముఖం చూసి ఆయనే మగ్గం ఆపాడు. అంతా చెప్పాను. మగ్గం మీది నూలు పోగులు సర్దాడు.

"నెయ్యని చీరకు మడత పెట్టినట్టు కదమ్మా అది" అన్నాడు చివరికి. "ఆలస్యమైతే కానీలే. మళ్లీ నెయ్యి."

మరుసటి రోజు సార్‌కు ఫోన్ చేసి, ఆ గంటలు కొట్టేయించుకుంటానని, కానీ స్కూలు వాళ్ల ముందు ఒంటరిగా నిలబడాలంటే భయంగా ఉందని చెప్పాను. "రైలు ఎప్పుడు?" అని అడిగారు. అంతే. డెబ్బై దాటిన మనిషి, పంచె, బూట్లు, అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బాతో రేణిగుంట స్టేషన్‌లో నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు.

స్కూలు పెద్ద మాజీ పైలట్. అలసిపోయిన మనిషి. వంతులు చూసే ఆయన ఏం రాయిస్తున్నాడో ఆయనకు తెలుసో, తెలియనట్టు ఉన్నారో నాకిప్పటికీ తెలియదు. నేను నిలబడి, ఈ ఎనిమిది వరుసలూ నిజం కాదు, కొట్టేసి సంతకం పెట్టండి అని చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా సార్ వైపు చూసి, "ఈ అమ్మాయివి కొట్టేస్తే మిగతా వాళ్లవి ఏం చెయ్యమంటారు?" అన్నారు.

సార్ సైన్యంలో నేర్చుకున్న హిందీ తిరుపతి యాసలో మాట్లాడతారు. "నేను ఈ ఒక్క పిల్ల కోసం వచ్చినాను. మిగతావాళ్లు మీ పిల్లలు" అన్నారు.

స్కూలు పెద్ద పెన్ను అటూ ఇటూ తిప్పారు. తర్వాత ఒక్కొక్క వరుసా కొట్టేసి సంతకం చేశారు. విమానాల పుస్తకాలు కూడా తెప్పించి అందులోనూ కొట్టేశారు. నన్ను మాత్రం వంతుల జాబితాలో అందరికంటే కిందికి దించారు. అది కోపమో, న్యాయమో. నేనేమీ అడగలేదు.

సార్ వెంటనే తిరిగి వెళ్లలేదు. మూడు రోజులు అక్కడే ఒక సత్రంలో ఉండి, విమానాల కోసం ఎదురుచూసే నలభై మందికీ షెడ్డు నీడలో మబ్బుల పాఠం చెప్పారు. ఎవరూ చెప్పమనలేదు. వాళ్లు ఖాళీగా కూర్చోవడం ఆయన చూడలేకపోయారు. ఉత్తరాది పిల్లలు కదా, వాళ్లకోసం ఆకాశాన్ని దోసె అనకుండా రొట్టె అన్నారు. రెండో రోజుకు స్కూలు పెద్ద కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

నాకు నాలుగు నెలలు వంతు రాలేదు. నాతో చేరినవాళ్లు లైసెన్సులు తీసుకుని వెళ్లిపోయారు. ఆ నాలుగు నెలలు నేను పడిన బాధ చెప్పుకోదగ్గదే గానీ, ఇప్పుడు చెప్పబుద్ధి కావడం లేదు. చలికాలం మొదట్లో, పరీక్షల గడువు ఇంకా మిగిలి ఉండగానే, మళ్లీ ఎగిరాను. ఆ పన్నెండు గంటల్లో ఒకరోజు, ఊరికి దూరంగా ఒంటరిగా పోతుంటే, గాలి నేను వేసిన లెక్క కంటే బలంగా వచ్చి విమానాన్ని దారి తప్పించింది. కింద ఉండాల్సిన రైలు పట్టాలు లేవు. భయపడ్డాను. తర్వాత మోకాలి మీద కాగితం పెట్టుకుని లెక్క మళ్లీ వేశాను. ముక్కు తిప్పాను. ఏడు నిమిషాల తర్వాత పట్టాలు కనిపించాయి, ఎండలో మెరుస్తూ. ఆ ఏడు నిమిషాలే నన్ను పైలట్‌ను చేశాయని నా నమ్మకం. అవి రాసుకుంటే వచ్చేవి కావు.

ఉద్యోగం వచ్చాక, కో-పైలట్‌గా మొదటిసారి రేణిగుంటలో దిగిన రోజు సార్‌కు ముందే చెప్పాను. ఆయన లోపలికి రాలేదు. విమానాశ్రయం బయట రోడ్డు మీద గొడుగు వేసుకుని నిలబడి విమానం దిగడం చూశారట. సాయంత్రం ఫోన్ చేశారు.

"చివర్లో నేలకు ఆనకుండా కొంచెం తేలినావు" అన్నారు.

"నేను కాదు సార్, కెప్టెన్ దించినారు."

"అట్లయితే ఆయనకు చెప్పు."

సార్ పోయిన పదమూడో రోజుకు ఇర్ఫానూ నేనూ బెంగళూరు నుంచి కలిసి వచ్చాం. పూతలపట్టు దగ్గర బస్సు ఆగితే టీ తాగాం. ఇంట్లో చుట్టాలు, కొండ మీద నుంచి వచ్చిన వాళ్ల అన్నల పిల్లలు, విస్తళ్లు. అమ్మ ఏడవలేదు. నన్ను చూసి, చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"నగరి పిల్లా, పైన ఏడుగురు పిల్లోళ్లు కూర్చోనుండారు. పరీక్ష దగ్గరికి వచ్చిందంట. పొమ్మంటే పోలేదు. నువ్వు పోయి ఏదో ఒకటి చెప్పమ్మా. ఆ గది అట్ల గమ్మునుంటే నాకు బాగలేదు" అంది.

రేకుల గదిలోకి వెళ్లాను. ఏడుగురూ లేచి నిలబడ్డారు. నా యూనిఫాం ఫొటో సార్ ఎప్పుడో వాళ్లకు చూపించినట్టున్నారు. అందరి కళ్లల్లో నేనేదో సాధించినదాన్నన్న వెలుగు. ఇర్ఫాన్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. సందేహాలేమైనా ఉంటే అడగమన్నాను. ముందు బెంచీలో ఒక అమ్మాయి, పూతలపట్టు దగ్గర పల్లెదట, మెల్లగా చెయ్యెత్తింది.

"అక్కా, పాఠంలో కాదు, వేరే అడగొచ్చా? ఫ్లయింగ్ స్కూల్లో విమానాలు లేకపోతే, ఎగరకుండానే గంటలు రాసేసుకుంటారంట. అందరూ చేసేదేనంట. నిజమేనా?"

అలా చేసేవాళ్లు కొందరుంటారు, మీరు చెయ్యకండి అని చెప్పి తప్పించుకోవచ్చు. సార్‌కూ అమ్మకూ నాయనకూ తప్ప ఈ వైపున నా సంగతి ఎవరికీ తెలియదు. ఇర్ఫాన్‌కు కూడా తెలియదు. గుమ్మం వైపు ఒకసారి చూశాను. తర్వాత ఆ అమ్మాయి వైపు చూశాను.

"నిజమే. నేను రాసుకున్నాను" అన్నాను. "పన్నెండు గంటలు."

ఇర్ఫాన్ గుమ్మం వదిలి నిటారుగా నిలబడ్డాడు. నేను ఎనిమిది వరుసల సంగతి, లాగ్‌బుక్ సార్ ముందు పెట్టిన సంగతి, పులిహోర డబ్బాతో రైలెక్కిన సంగతి చెప్పాను. నది పక్కన మంచు సంగతి మాత్రం చెప్పలేదు. అది ఆయనది.

"మళ్లీ ఎగిరినావా అక్కా, ఆ పన్నెండు గంటలూ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఎగిరినాను."

"ఎంత ఆలస్యమయింది?"

"వంతు రావడానికి నాలుగు నెలలు పట్టింది."

ఆ అమ్మాయి నా ముఖంలోకి చూస్తూ మనసులో ఏదో లెక్క వేసుకుంది. తర్వాత ఊపిరి వదిలింది.

"నాలుగు నెలలేనా!" అంది.

నాకు నవ్వు ఆగలేదు. ఇర్ఫాన్ నవ్వాడు. పిల్లలు కూడా నవ్వారు, ఎందుకో తెలియకుండానే. కింద నుంచి అమ్మ, "ఏమే, ఏం చెప్తా ఉండావు వాళ్లకు?" అని కేకేసింది.

"పాఠమేనమ్మా" అన్నాను.